గ్రంథాలయం ఇష్యూ కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో ఇష్యూ కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లకు రోజూ దాదాపు అవే సందేహాలు ఎదురవుతాయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి వచ్చి రూం కిరాయికి తీసుకుని గ్రూప్స్‌కో డీఎస్సీకో చదివే పిల్లలు అడుగుతారు, రిటైరైన పెద్దలు అడుగుతారు, యూనివర్సిటీ స్కాలర్లూ అడుగుతారు. ఆ ప్రశ్నలన్నీ వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. ప్రభుత్వ గ్రంథాలయానికీ కాలేజీ లైబ్రరీకీ రూల్స్ ఒకేలా ఉండవు కాబట్టి తేడా ఉన్నచోట చెప్పాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## చేరే ముందు

సర్క్యులేషన్ సెక్షన్ అంటే ఏంటి? ముద్ర వేసి పుస్తకం ఇవ్వడమేనా?

ముద్ర వేయడం మీకు కనిపించే అర నిమిషం పని. సభ్యులను చేర్చుకోవడం, పుస్తకం ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, గడువు పెంచడం, రిజర్వేషన్లు (బయట ఉన్న పుస్తకం కోసం ముందే పేరు రాయించుకోవడం) చూడడం, ఆలస్యమైన వాళ్లకు కబురు పెట్టడం, ఫైన్‌కు రసీదు రాయడం, వచ్చిన పుస్తకాన్ని మళ్లీ దాని ర్యాక్‌కు చేర్చడం, సాయంత్రానికి ఆ రోజు లెక్క తేల్చడం, ఇవన్నీ కలిపితే సర్క్యులేషన్. 1931లో మన దేశ గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ చెప్పిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే అని. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, పాఠకుడి సమయం వృథా కాకూడదు అన్నవి ఆ తర్వాతివి. ఇవి ఆచరణలో ఉన్నాయో లేవో తేలేది కౌంటర్ దగ్గరే. ఒక లైబ్రరీ బాగుందా లేదా అని నన్నెవరైనా అడిగితే, లోపల ఎన్ని వేల పుస్తకాలున్నాయని చూడను, ఈ నెలలో ఎన్ని గడప దాటి వెళ్లి తిరిగొచ్చాయో చూస్తాను.

కూర్చుని చదువుకుంటే చాలు నాకు. దానికి కూడా మెంబర్‌షిప్ కావాలా?

ప్రభుత్వ గ్రంథాలయంలో అక్కర్లేదు. పత్రికలు, పుస్తకాలు అక్కడే కూర్చుని ఎవరైనా చదువుకోవచ్చు. గేటు దగ్గరున్న రిజిస్టర్‌లో మాత్రం తప్పకుండా సంతకం చేయండి. చాలామంది తొందరలో వదిలేసి లోపలికొస్తారు. ఇంకో పది కుర్చీలు కావాలన్నా, పత్రిక ఇంకో కాపీ తెప్పించాలన్నా, ఫ్యాన్లు పెంచాలన్నా పైవాళ్లకు మేం చూపించగలిగేది ఆ సంతకాల లెక్కే. కాలేజీ, యూనివర్సిటీ లైబ్రరీల్లోకి బయటివాళ్లు వెళ్లాలంటే సాధారణంగా ముందుగా అనుమతి తీసుకోవాలి.

నేను లోకల్ కాదు, హాస్టల్లో ఉంటున్నా. నాకు కార్డు ఇస్తారా?

ఇస్తారు. మామూలుగా అడిగేవి దరఖాస్తు, ఫొటో, చిరునామా రుజువు, కొంత డిపాజిట్, ఒకరి పూచీకత్తు. ఈ పూచీకత్తు అనే మాట వినగానే చాలామంది పిల్లలకు టెన్షన్ పట్టుకుంటుంది. దాని అర్థం చిన్నదే: మీరు పుస్తకం తిరిగి ఇవ్వకపోతే దాని ఖరీదుకు ఆయన బాధ్యత పడతారు. మీ కాలేజీ లెక్చరర్‌నో, తెలిసిన ప్రభుత్వ ఉద్యోగినో, ఇంటి పన్ను కట్టే స్థానికుడినో అడగొచ్చు. ఎవరి సంతకం చెల్లుతుందో ఫారం మీదే రాసి ఉంటుంది. ఊరికి కొత్త, ఎవరూ తెలియదు అంటే ఆ మాటే కౌంటర్‌లో చెప్పండి. సంతకం కోసం తిరిగి తిరిగి విసిగిపోయి చేరకుండానే మానేసేవాళ్లున్నారు. అలా కాకూడదు.

ఇంటి పన్నుతో లైబ్రరీ సెస్ కడుతూనే ఉన్నాం కదా, మళ్లీ డిపాజిట్ ఎందుకు?

ప్రశ్న న్యాయమైనదే. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. అంతకుముందు హైదరాబాద్ రాష్ట్రానికి 1955 నాటి చట్టం వేరే ఉండేది. 1960 చట్టమే తెలంగాణలోనూ కొనసాగుతోంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. గ్రామ పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. పుస్తకాలు, పత్రికలు, నిర్వహణ ఆ డబ్బుతో నడుస్తాయి. డిపాజిట్ సంగతి వేరు, అది మీ డబ్బే. సభ్యత్వం వద్దనుకున్న రోజు, పుస్తకాలన్నీ ఇచ్చేసి ఉంటే, తిరిగి వస్తుంది. రసీదు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి.

## పుస్తకం వెతికేటప్పుడు

కంప్యూటర్‌లో 'ఉంది' అని చూపిస్తోంది, ర్యాక్‌లో చూస్తే లేదు. ఏమైనట్టు?

మా దగ్గర అందరికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. కారణాలు చాలా ఉంటాయి. పొద్దున రిటర్న్ అయ్యి ఇంకా ట్రాలీలోనే ఉండొచ్చు. రీడింగ్ హాల్లో ఎవరో చదువుతూ ఉండొచ్చు. బైండింగ్‌కు వెళ్లి, ఆ సంగతి కంప్యూటర్‌లో ఎక్కకపోయి ఉండొచ్చు. కొన్ని నిజంగానే పోయి ఉంటాయి.

వీటన్నిటికంటే ఎక్కువగా జరిగేది, పుస్తకం వేరే ర్యాక్‌లో చేరడం. పొరపాటున కొందరు పెడతారు, కావాలని కొందరు పెడతారు. పరీక్ష నోటిఫికేషన్ రాగానే తెలంగాణ ఉద్యమ చరిత్ర పుస్తకాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు వంటల పుస్తకాల వెనకో, పాత గెజిట్ల కిందో దొరుకుతుంటాయి. రేపు వచ్చినప్పుడు తనకే దొరకాలని దాచినవాడికి తెలియనిది ఒకటుంది. అదే పరీక్ష రాస్తున్న ఇంకొకరు బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చి, ఖాళీ ర్యాక్ చూసి వెనక్కి వెళ్తారు. వేల పుస్తకాల మధ్య స్థానం తప్పిన పుస్తకం పోయినదానితో సమానం.

మీరు చేయాల్సింది, పుస్తకం పేరు, వర్గీకరణ సంఖ్య (విషయాన్ని బట్టి ఇచ్చేది), అక్సెషన్ నంబరు (ఒక్కో కాపీకి లైబ్రరీ ఇచ్చే విడి నంబరు) చీటీ మీద రాసి కౌంటర్‌లో ఇవ్వడం. సిబ్బంది ట్రాలీ, టేబుళ్లు, పక్క ర్యాకులు వెతుకుతారు. దొరికితే మీకోసం పక్కన పెడతారు. దొరక్కపోతే కంప్యూటర్‌లో 'కనిపించడం లేదు' అని మార్చాలి. లేకపోతే మీ తర్వాత వచ్చినవాళ్లు కూడా ఇదే తిరుగుడు తిరుగుతారు. దయచేసి చీటీ ఇవ్వకుండా వెళ్లకండి.

పుస్తకం వీపు మీద అతికించిన నంబర్‌ను ఎలా చదవాలి?

చాలా లైబ్రరీల్లో అది డ్యూయీ దశాంశ పద్ధతి, 1876లో మొదలైంది. విషయాన్ని బట్టి నంబర్ ఉంటుంది. భారత ఆర్థిక వ్యవస్థ 330.954 దగ్గర, భారతదేశ చరిత్ర 954 దగ్గర, తెలుగు భాష 494.827 దగ్గర, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర దొరుకుతాయి. కింది వరుసలో ఉన్న అక్షరాలు సాధారణంగా రచయిత పేరువి. చుక్క తర్వాతి అంకెలను ఒక్కొక్కటిగా పోల్చండి. 954.84 ముందు వస్తుంది, 954.9 తర్వాత వస్తుంది. తొమ్మిది కంటే ఎనభై నాలుగు పెద్దది కదా అని 954.9 దాటాక వెతికేవాళ్లకు పుస్తకం దొరకదు.

చదివాక నేనే ర్యాక్‌లో పెట్టేస్తే మీకు పని తగ్గుతుంది కదా?

మీ మంచి మనసుకు సంతోషం, కానీ టేబుల్ మీదే వదిలేయండి. ఒక వరుస అటూఇటూ అయినా తర్వాతి పాఠకుడికి అది దొరకదు. పైగా సాయంత్రం టేబుళ్ల మీద ఉన్న పుస్తకాలను లెక్కపెట్టుకుంటాం. ఇంటికి వెళ్లని పుస్తకాల్లో ఏవి ఎక్కువగా చదువుతున్నారో తెలిసేది అలాగే, కొత్తవి కొనేటప్పుడు ఆ లెక్క పనికొస్తుంది.

పాత పుస్తకాలు ఉన్నాయి అంటారు, అడిగితే ఇంటికి ఇవ్వరు. ఎందుకని?

నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, ఇయర్‌బుక్కులు, గెజిటీర్లు, కొత్త సంచికలు ఇంటికి ఇవ్వరు. ఒక్క ప్రశ్నకు జవాబు కోసం రోజంతా ఎవరో ఒకరు వాటిని తిరగేస్తూనే ఉంటారు కాబట్టి. పాత పుస్తకాలకు కారణం వేరు. తెలంగాణలో గ్రంథాలయోద్యమం మొదలై వందేళ్లు దాటింది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో మన హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడ్డాయి. ప్రభుత్వ వ్యవహారమంతా ఉర్దూలో నడిచే నిజాం కాలంలో తెలుగు చదవాలనుకునేవాళ్లకు ఇలాంటి చోట్లే ఆసరా. అంత పాత గ్రంథాలయాల్లో ఉండే కొన్ని పుస్తకాలకు ఇంకో కాపీ ఎక్కడుందో వెతికినా దొరకదు. కాగితం పెళుసుబారి, పేజీ తిప్పితే అంచు రాలుతుంది. అక్కడే కూర్చుని, చేతులు పొడిగా ఉంచుకుని, నోట్సు రాసుకోండి. ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చా అని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

పుస్తకం మొత్తం జిరాక్స్ తీసుకుని ఇచ్చేయొచ్చా?

మీ చదువుకు కావాల్సిన కొన్ని పేజీలు తీసుకోవడానికి కాపీరైట్ చట్టం అడ్డు చెప్పదు. మార్కెట్లో దొరికే పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా తీయడం సరికాదు. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. ఇంకో సంగతి, మెషిన్ మీద పుస్తకాన్ని బోర్లా పెట్టి నొక్కితే కుట్లు తెగుతాయి. లావు పుస్తకాలు ఎక్కువగా పాడయ్యేది చదవడం వల్ల కాదు, ఇలా నొక్కడం వల్లే.

## ఇష్యూ చేసుకునేటప్పుడు

ఎన్ని పుస్తకాలు ఇస్తారు, ఎన్ని రోజులకు?

లైబ్రరీని బట్టి మారుతుంది. రెండు వారాల గడువు సర్వసాధారణం, పీజీ విద్యార్థులకు, అధ్యాపకులకు ఎక్కువ. మీ కార్డు వెనకే రాసి ఉంటుంది.

కొన్నిచోట్ల ఇంకా అట్ట టికెట్లే వాడుతున్నారు. అదేం పద్ధతి?

దాన్ని బ్రౌన్ పద్ధతి అంటారు. నీనా బ్రౌన్ అనే అమెరికా లైబ్రేరియన్ పేరు మీద వచ్చింది. మీకు ఎన్ని పుస్తకాలకు హక్కుంటే అన్ని చిన్న సంచి లాంటి టికెట్లు ఇస్తారు. పుస్తకంలో ఒక కార్డు ఉంటుంది. ఇష్యూ చేసేటప్పుడు ఆ కార్డును మీ టికెట్‌లో దూర్చి, గడువు తేదీ ప్రకారం ట్రేలో పేరుస్తారు. తిరిగి ఇవ్వగానే టికెట్ మీ చేతికొస్తుంది. రాతకోతలు లేవు, కరెంటు పోయినా పని ఆగదు. కానీ ఫలానా పుస్తకం ఎవరి దగ్గరుందో, ఎప్పుడొస్తుందో చెప్పాలంటే ట్రే అంతా వెతకాలి.

కంప్యూటర్‌లో ఆ ఇబ్బంది లేదు. 2000లో న్యూజిలాండ్‌లో వాడకంలోకి వచ్చిన కోహా ఉచిత సాఫ్ట్‌వేర్, కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్.ఐ.సి. తయారుచేసిన ఈ-గ్రంథాలయ, యూనివర్సిటీ లైబ్రరీల కోసం పనిచేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్ మన దగ్గర ఎక్కువగా కనిపిస్తాయి. ఏదైనా చేసే పని ఒకటే: మీ కార్డు నంబరునూ పుస్తకం అక్సెషన్ నంబరునూ ఒక తేదీతో ముడి వేయడం.

గేటు దాటుతుంటే బీప్ మోగింది. అందరూ దొంగను చూసినట్టు చూశారు. నా తప్పేంటి?

మీ తప్పు ఏమీ లేకపోవచ్చు. పుస్తకంలో అతికించిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ (రేడియో తరంగాలతో గుర్తుపట్టే చిన్న చిప్) 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర గేటుతో మాట్లాడుతుంది. ఇష్యూ చేసినప్పుడు ట్యాగ్‌లోని భద్రతా గుర్తు ఆఫ్ అవ్వాలి. రీడర్ మీద పుస్తకం సరిగ్గా పెట్టకపోయినా, రెండు పుస్తకాలు ఒకేసారి పెట్టినా ఒక్కోసారి అది ఆఫ్ అవ్వదు. ఆగి, కౌంటర్‌కు తిరిగొచ్చి చూపించండి. నిమిషంలో సరిచేస్తారు. అక్కడున్న సిబ్బంది గొంతు పెంచకుండా మాట్లాడాలి, అది వాళ్ల ఉద్యోగంలో భాగం.

నా కార్డు మీద ఫ్రెండ్‌కు పుస్తకం ఇప్పించొచ్చా?

వద్దు. కంప్యూటర్‌కు మీ ఫ్రెండ్ తెలియదు, మీరే తెలుసు. అతను నోటిఫికేషన్ అయిపోగానే ఊరెళ్లిపోతే కబురు మీకే వస్తుంది, డబ్బు మీ దగ్గరే పోతుంది. అతన్ని తీసుకొచ్చి సభ్యుడిగా చేర్పించండి.

## పుస్తకం మీ దగ్గర ఉన్నప్పుడు

ఇంకా చదవడం పూర్తికాలేదు. రెన్యువల్ చేయమంటే చేయలేదు, ఎందుకు?

ఎక్కువగా ఉండే కారణం, ఇంకొకరు దాన్ని రిజర్వు చేయడం. ఎవరూ అడగకపోతే ఒకట్రెండుసార్లు గడువు పెంచడానికి ఏ లైబ్రరీకీ అభ్యంతరం ఉండదు, ఆన్‌లైన్‌లోనే అయిపోయే చోట్లూ ఉన్నాయి. రెన్యువల్ కుదరకపోతే పుస్తకం ఇచ్చేసి, వెంటనే మీరూ రిజర్వు చేసుకోండి. వరుస చిన్నదైతే మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

ఆ పుస్తకం ఎవరు తీసుకున్నారో చెప్పండి, నేనే వెళ్లి అడిగి తెచ్చుకుంటా.

చెప్పం. అడిగినవాళ్లు మంచివాళ్లే అయినా, తొందర నిజమే అయినా చెప్పం. ఎవరు ఏం చదువుతున్నారన్నది వాళ్ల సొంత విషయం. ఒకమ్మాయి చట్టం పుస్తకం తీసుకుంది, ఒకాయన ఏదో జబ్బు గురించిన పుస్తకం తీసుకున్నారు, ఉద్యోగంలో ఉన్న ఇంకొకరు వేరే ఉద్యోగానికి చదువుతున్నారు. అది బయటికి పొక్కితే వాళ్లు రేపటి నుంచి అలాంటి పుస్తకం అడగడానికే జంకుతారు. తల్లిదండ్రులు, హాస్టల్ వార్డెన్లు, స్నేహితులు అందరూ అడుగుతుంటారు, అందరికీ ఒకటే జవాబు. గడువు ఏ రోజుతో ముగుస్తుందో మాత్రం చెప్తాం. రిజర్వు చేస్తే, రాగానే మీకు ఫోన్ చేస్తాం.

రిజర్వు చేసి చాలా రోజులైంది. మీకు తెలిసినవాళ్లకు ముందు ఇచ్చేస్తున్నారా?

అలా ఇవ్వకూడదు. కంప్యూటర్ వరుసలో ఎవరు ముందుంటే వాళ్లకే పుస్తకం ఆగుతుంది. మీ ముందు నలుగురుంటే, ఒక్కొక్కరికి రెండు వారాల చొప్పున రెండు నెలలు పడుతుంది. వరుసలో మీరు ఎన్నోవారో అడిగే హక్కు మీకుంది, చెప్పాల్సిందే. కబురు వచ్చాక రెండు మూడు రోజుల్లో తీసుకెళ్లకపోతే తర్వాతి వాళ్లకు వెళ్లిపోతుంది. ఎంత ఎదురుచూడాల్సి వచ్చినా రిజర్వు చేయడం మానకండి. ఒక పుస్తకానికి పేర్లు బారులు తీరితే, ఇంకో కాపీ కొనమని అడగడానికి మాకు దానికంటే గట్టి ఆధారం లేదు.

## తిరిగి ఇచ్చేటప్పుడు

మేడారం జాతర రోజుల్లో, దసరా సెలవుల్లో గడువు పడితే ఫైన్ పడుతుందా?

లైబ్రరీకి సెలవైన రోజున గడువు పడితే మళ్లీ తెరిచిన రోజు ఇవ్వొచ్చు. సెలవులను సాఫ్ట్‌వేర్ క్యాలెండర్‌లో ముందే ఎక్కించాలి. ఎక్కించకపోవడం వల్ల ఫైన్ చూపిస్తే కౌంటర్‌లో అడిగి తీసేయించుకోండి. లైబ్రరీ తెరిచే ఉండి మీరు ఊళ్లో లేకపోతే మాత్రం లెక్క నడుస్తుంది. బతుకమ్మకు ఊరెళ్లే ముందు ఒకసారి గడువు చూసుకోండి. మన శాఖా గ్రంథాలయాల్లో చాలావాటికి వారాంతపు సెలవు ఆదివారం కాదు, శుక్రవారం.

నేను ఇచ్చేశాను, అయినా నా పేరు మీదే చూపిస్తోంది. ఎలా?

పుస్తకాన్ని కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోతే రిటర్న్ అయినట్టు కాదు. స్కాన్ అయ్యాకే మీ పేరు మీద నుంచి పోతుంది. రద్దీలో ఎవరైనా దాన్ని మళ్లీ ర్యాక్‌లో పెట్టేసి ఉండొచ్చు. అందుకే స్కాన్ అయ్యేదాకా నిలబడి చూడండి, మెసేజ్ వచ్చిందో లేదో చూసుకోండి. ఇప్పటికే ఇలా జరిగి ఉంటే, మీరు ఇచ్చానంటున్న పుస్తకాన్ని ముందు ర్యాకుల్లో వెతకమని అడగండి. అక్కడ దొరికితే ఫైన్ ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. మీ బదులు తమ్ముడో రూంమేటో తెచ్చి ఇచ్చినా తీసుకుంటారు, దానికి కార్డు అడగరు.

ఫైన్ లైబ్రరీకి ఆదాయమా?

కాదు, ఆ చిల్లరతో ఏ లైబ్రరీ నడవదు. పుస్తకం కదులుతూ ఉండాలనే దాని ఉద్దేశం. నా అభిప్రాయం ఏంటంటే, ఫైన్ చిన్నదిగా ఉండాలి, ఒక హద్దు దాటి పెరగకూడదు. భారీ ఫైన్ చూసి భయపడినవాళ్లు పుస్తకమూ తేరు, మళ్లీ లైబ్రరీకీ రారు. షికాగో నగర గ్రంథాలయం 2019లో ఆలస్య రుసుము ఎత్తేస్తే, ఏళ్లుగా ఇళ్లలో ఉండిపోయిన పుస్తకాలు తిరిగొచ్చాయి. మనం పూర్తిగా ఎత్తేయలేకపోయినా, నిజంగా కట్టలేని పిల్లలకు మాఫీ చేసే వీలు లైబ్రేరియన్‌కు ఉండాలి. ఎంత కట్టినా రసీదు అడిగి తీసుకోండి.

## పోయినా, పాడైనా

పుస్తకం బస్సులో మర్చిపోయాను. భయమేసి లైబ్రరీకి రావడం మానేశాను. ఇప్పుడేం చేయాలి?

వెంటనే వచ్చి చెప్పండి. చెప్పిన రోజు నుంచి ఫైన్ ఆపే వీలుంటుంది, చెప్పకపోతే అది పెరుగుతూనే ఉంటుంది. సాధారణంగా అదే పుస్తకం, అదే ముద్రణ లేదా కొత్త ముద్రణ కొనిస్తే సరిపోతుంది. మార్కెట్లో లేకపోతే ఖరీదు, దాని మీద కొంత అదనం కట్టమంటారు. పాత పుస్తకాల దుకాణంలో దొరికిన మంచి కాపీని తీసుకుంటారా అని కూడా అడగండి.

వానలో తడిసింది. ఎండలో పెట్టనా?

పెట్టొద్దు. ఎండకు పేజీలు వంకర్లు తిరిగి, అట్ట పైకి లేస్తుంది. పేజీల మధ్య అక్కడక్కడ అచ్చు లేని తెల్ల కాగితాలు పెట్టి, ఫ్యాన్ కింద ఉంచి, తడిసిన కాగితాలు మారుస్తూ ఉండండి. ఆరాక మీద బరువు పెట్టండి. చిరిగిన పేజీకి సెల్లోటేప్ వేయకండి, కొన్నాళ్లకు జిగురు పసుపుగా మారి అక్షరాలను తినేస్తుంది. అలాగే తెచ్చి ఇవ్వండి, బైండర్ చూసుకుంటాడు.

పుస్తకాలు పోతే లైబ్రేరియన్ జీతంలోంచి కోస్తారట, అందుకే బీరువాలకు తాళాలు వేస్తారట. నిజమేనా?

ఆ భయం చాలామందిలో ఉంది, పాఠకులకు జరిగే నష్టంలో పెద్ద భాగం దానివల్లే. రూల్ అంత కఠినంగా ఏమీ లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థలకు వర్తించే 2017 సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం, ఏడాదిలో ఇష్యూ అయిన, సంప్రదించిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోవడం సహజ నష్టమే, నిర్లక్ష్యమో మోసమో లేనంతవరకు. 1000 రూపాయల కంటే ఎక్కువ ఖరీదైనవి, అరుదైనవి పోతే మాత్రం విచారణ ఉంటుంది. తనిఖీ కూడా 20,000 దాకా పుస్తకాలుంటే ఏటా, 50,000 దాకా ఉంటే మూడేళ్లకోసారైనా పూర్తిగా చేయాలి. అంతకు మించితే మూడేళ్లలోపు నమూనా తనిఖీ చాలు. ఈ లెక్కలోని అర్థం గమనించండి. ఎంత ఎక్కువగా పుస్తకాలు చేతులు మారితే, నష్టానికి అంత ఎక్కువ మినహాయింపు దొరుకుతుంది. తాళం వేసినవాళ్లకు ఆ మినహాయింపూ లేదు, పాఠకులూ లేరు. తాళం వేసిన బీరువా కనిపిస్తే, అందులోంచి మీకు కావాల్సిన పుస్తకం పేరు రాసి అడగండి. తాళం తీయమని అడిగే హక్కు మీకుంది.

## వెళ్లిపోయేటప్పుడు

కోర్సు అయిపోయింది, నో డ్యూస్ (బాకీ ఏమీ లేదనే పత్రం) కోసం వస్తే రోజంతా పడుతోంది. ముందే ఏం చేసుకోవాలి?

హాల్ టికెట్లు, టీసీల సమయంలో అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి ఆలస్యం అవుతుంది. పరీక్షలకు ముందే మీ ఖాతా ఒకసారి చూపించుకోండి. తెలియకుండా మిగిలిన పుస్తకం, పాత ఫైన్, డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో తీసుకున్నవి అప్పుడే బయటపడతాయి. ప్రభుత్వ గ్రంథాలయంలోనైతే కార్డు, డిపాజిట్ రసీదు, చిన్న దరఖాస్తు తీసుకెళ్లండి. రసీదు పోతే రిజిస్టర్‌లో చేరిన తేదీ చూసి వెతుకుతారు, అందుకని చేరిన నెల, సంవత్సరమైనా గుర్తుంచుకోండి. డబ్బు అదే రోజు చేతికి రాకపోవచ్చు, బ్యాంకు ఖాతా వివరాలు దరఖాస్తులోనే రాస్తే మళ్లీ తిరగాల్సిన పని ఉండదు.